అగ్గిపెట్టె బిళ్ళలు

మొన్న మా తమ్ముడు ఖమ్మంలో ఇల్లు కట్టిస్తున్నాడంటే చూడ్డానికి వెళ్ళాను. మర్నాడే స్లాబు. చెక్కల మీద కడ్డీలు పరిచి, తీగతో కట్టి అంతా సిద్ధంగా ఉంచారు. మెట్ల దగ్గర ఒక సంచి నిండా చిన్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు కనిపించాయి. కడ్డీ చెక్కకు ఆనకుండా దాని కింద పెట్టేవట. ఒకటి తీసి చేతిలో పెట్టుకున్నాను. బరువే లేదు.

"ఏందక్కా, దాన్నే అట్లా చూస్తున్నావు? ఎండ తగిలిందా?" అన్నాడు తమ్ముడు.

ఎండ కాదు. వాడు అప్పటికింకా పుట్టలేదు. ఆ తర్వాత కూడా ఆ సంగతి వాడికెవరూ చెప్పలేదు. మా ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్ళే లేరు.

మా ఊరు జూలూరుపాడు దాటాక, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉండేది. తాతయ్య, నాయనమ్మ కృష్ణా అవతల ఉన్న కాస్త పొలం అమ్ముకుని వచ్చి ఇక్కడ భూమి కొన్నారు. నేను పుట్టి పెరిగింది తాటాకు ఇంట్లోనే. వానాకాలం వస్తే ఇంట్లో గిన్నెలన్నీ కారే చోట్ల పరచడం నా పని. నాకు పదేళ్ళప్పుడు, పత్తి బాగా పండిన ఏడాది, నాన్న స్లాబు ఇల్లు కట్టాలని తీర్మానించుకున్నాడు.

స్లాబు ఒక్కటైతే సరిపోయేది. ఖమ్మంలో ఎవరిదో కొత్త ఇల్లు చూసి వచ్చాడు నాన్న. ఆ ఇంటి ముందు నాలుగడుగుల సజ్జ ఉందట, దాని కింద ఒక్క స్తంభం కూడా లేదట, గాల్లో నిలబడి ఉందట. అది చూసి వచ్చినప్పటి నుంచి ఆయనకు అదే లోకం. అన్నం తింటూ కంచంలో వేలితో సజ్జ గీసేవాడు. "స్తంభం లేకుండా ఎట్లా నిలబడుతుందిరా? మనిషి నెత్తిన పడితే?" అని నాయనమ్మ. "పడదమ్మా, అదంతా ఇంజనీరింగు" అని నాన్న. ఆయన చదివింది ఎనిమిదో తరగతి.

పని పట్టింది పక్క తండా మేస్త్రి. సన్నటి మనిషి, చెవి వెనక ఎప్పుడూ సగం కాల్చిన బీడీ ఉండేది. భార్య కాంక్రీటు తట్టలు మోసేది. నా ఈడు కూతురు నీళ్ళు మోసేది. ముగ్గురూ వాళ్ళ భాషలో మాట్లాడుకునేవాళ్ళు, మాతో మాట్లాడేటప్పుడు తెలుగులోకి వచ్చేవాళ్ళు. స్తంభం లేని సజ్జ అనగానే మేస్త్రి చెవి వెనక బీడీ తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. తర్వాత, "చేస్త పటేలా. ఇంత పెద్దది నేను ఒక్కన్ని ఎప్పుడు చెయ్యలే. కొత్తగూడెంల ఒకాయన దగ్గర చేసేటప్పుడు చూసిన. చేస్త" అన్నాడు. ఆయన ఆశ ఆయనకుంది. జూలూరుపాడులో రైసుమిల్లు ఆయన మేడ కట్టాలనుకుంటున్నాడు. మా సజ్జ నిలబడితే ఆ మేడ పని తనకే ఇస్తానన్నాడట. భోజనాల వేళ మేస్త్రి ఆ సంగతి రోజుకొకసారి చెప్పేవాడు.

అది ఎండాకాలం, బడి లేదు. పొద్దున్నే అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన మత్తుగా వచ్చేది. పది గంటలయ్యేసరికి దాన్ని తడి సున్నం, సిమెంటు వాసన మింగేసేది. మధ్యాహ్నం మేస్త్రి కూతురు మూట విప్పితే జొన్నరొట్టె, నూరిన పచ్చిమిరపకాయ కారం. నేను ఇంట్లోంచి ఆవకాయ ముక్క దొంగిలించి తెచ్చేదాన్ని. ఇద్దరం ఇసుక కుప్ప వెనకాల కూర్చుని తినేవాళ్ళం. నాయనమ్మ చూస్తే నాకు స్నానం తప్పదు, అందుకే ఆ చాటు.

ఒకరోజు మేస్త్రి పిల్లలందరినీ పిలిచి, "ఖాళీ అగ్గిపెట్టెలు తెండి. ఎన్నుంటే అన్ని" అన్నాడు. నా దగ్గర పెట్టెడు ఉన్నాయి, బొమ్మల కోసం దాచుకున్నవి. ఎవరూ ఇవ్వనన్ని ఇచ్చాను. ఆయన ఇసుక, సిమెంటు కలిపి ఆ పెట్టెల్లో కూరి, ఆరాక కాగితం చింపేశాడు. అగ్గిపెట్టెంత సిమెంటు బిళ్ళలు వచ్చాయి. కొన్నిటికి నా బొమ్మల కాగితం ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. సజ్జ మీద కడ్డీలు కట్టాక, ఒక్కో బిళ్ళనూ నిలువుగా నిలబెట్టి కడ్డీల కింద దూర్చాడు. కడ్డీలు మూడు వేళ్ళ ఎత్తున లేచాయి. ఎందుకో నేను అడగలేదు. అవి నా అగ్గిపెట్టెలు, అంతవరకే నాకు తెలుసు.

స్లాబుకు ముందు రోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నారు. మేస్త్రి కూతురు బావికి వెళ్ళింది. నేను నిచ్చెన ఎక్కాను. ఎడమ మూలన, కడ్డీల కింద ఆ బిళ్ళలు వరసగా, అచ్చం బొమ్మరింటికి చేసిన ఇటుకల్లాగా ఉన్నాయి. ఒకటి లాగితే వచ్చేసింది. ఇంకొకటి, ఇంకొకటి. ఓణీ ఇంకా రాని వయసు, పావడాలో మూటకట్టుకుని దిగాను. మొత్తం పదకొండు. ఇసుక కుప్ప వెనకాల ఒక గది, ఒక గోడ, దానికి స్తంభం లేని ఒక సజ్జ కూడా కట్టాను. పుల్ల మీద ఆకు పెట్టి.

మర్నాడు స్లాబు. పొద్దున్నే కొబ్బరికాయ కొట్టారు, మేకపోతును కోశారు. గూడెం నుంచి, తండా నుంచి వచ్చిన వాళ్ళు వరసగా నిలబడి తట్టలు అందించుకుంటూ ఇంటి వెనక మూల నుంచి మొదలుపెట్టారు. ఒక వైపు మసాలా ఉడుకుతున్న వాసన, ఒక వైపు రెండు మూడు భాషల్లో కేకలు. మధ్యాహ్నం దాటాక, సజ్జ ఒక్కటి మిగిలి ఉండగా, అడవి మీద నల్లగా మబ్బు లేచింది.

"మొగులు వచ్చింది! జల్దీ, జల్దీ!" అని మేస్త్రి గొంతు చించుకున్నాడు. తట్టలు పరుగెత్తాయి. సజ్జ మీద కాంక్రీటు పడుతుంటే నేను కింద నిలబడి, మాంసం ముక్క నములుతూ చూశాను. ఆ పదకొండు బిళ్ళలు అప్పుడు నాకు గుర్తుకు రాలేదు. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే రాలేదు. చివరి తట్ట పడ్డాక నాలుగు చినుకులు రాలి వాన పోయింది.

మర్నాటి నుంచి స్లాబు మీద మట్టితో మళ్ళు కట్టి నీళ్ళు నిలపడం. నేనూ పైకెక్కి చెంబుతో పోసేదాన్ని. మూడో రోజు మేస్త్రిని అడిగాను, "స్తంభం లేకుండా ఎట్లా నిలబడుతుంది?" అని. ఆయన నవ్వి, "చెయ్యి చాపు బిడ్డా" అన్నాడు. చాపిన అరచేతిలో ఇటుక పెట్టాడు.

"గట్లనే ఉంచు. ఏడ గుంజుతది?"

"ఇక్కడ. భుజం మీద."

"అవ్. పైన గుంజుతది, కింద గాదు. సజ్జ గూడ గంతే. అందుకే కడ్డీ పైన ఉండాలె. పోసేటప్పుడు అది కిందికి దిగకుండ నీ అగ్గిపెట్టె బిళ్ళలే ఎత్తిపట్టుకున్నయి."

"దిగితే?"

"దిగితే ఏముంది? కడ్డీ ఉన్నా లేనట్టే. కింద ఆపుగా పెట్టిన గుంజలు తీసిన్నాడు మొత్తం ఇరిగి కిందపడ్తది."

నవ్వుతూనే అన్నాడు. నా చేతిలోంచి ఇటుక జారి ఆయన కాలి పక్కన పడింది.

ఆ రోజు నుంచి నాకు అన్నం దిగలేదు. సజ్జ కింద వరసగా నిలబెట్టిన గుంజల మధ్య నాయనమ్మ మంచం వేసుకునేది. చల్లగా ఉందంటూ మధ్యాహ్నమంతా అక్కడే చింతపండు గింజలు తీసేది. "అక్కడ కూర్చోకు నాయనమ్మా" అంటే, "ఏవిటే నీ గోల? నా కొడుకు కట్టిన నీడ, నేను కూర్చోక ఎవరు కూర్చుంటారు?" అని కసిరేది. గుంజలున్నాయి కదా, పడదులే అని నాకు నేను చెప్పుకునేదాన్ని. గుంజలు ఇరవై ఒక్క రోజులు తియ్యనని మేస్త్రి అన్నాడు. ఇరవై ఒక్క రోజులంటే చాలా దూరం. ఈలోగా ఏదో ఒకటి అవుతుంది. ఏమవుతుందో నాకే తెలియదు.

వారం తర్వాత మేస్త్రి కూతురు నా బొమ్మరిల్లు చూసింది. ఒక బిళ్ళ పీకి, దానికి అంటుకున్న కాగితం ముక్క గోకి, నా మొహం చూసింది.

"ఇవి మా నాయిన పెట్టినయి గదనే?"

నేను మిగిలిన బిళ్ళలకు పావడా అడ్డం పెట్టాను.

"ఏడికెల్లి తీసినవ్? పోయకముందా, పోసినంకనా?"

"ముందు."

ఆ పిల్ల నా కంటే తెలివైనది. తట్టలు అందిస్తూ, కడ్డీలు అందిస్తూ పెరిగిన పిల్ల. దానికి వెంటనే అర్థమైంది. "నువ్వే చెప్పాలె. నేను చెప్తే నన్నే గొడ్తడు, ఎందుకు జూడలేదని" అంది. చెప్తానన్నాను. చెప్పలేదు. రోజూ పొద్దున రాగానే నా వైపు చూసేది, నేను తల తిప్పుకునేదాన్ని. రొట్టె పంచుకోవడం ఆగిపోయింది.

అప్పుడు పంతులుగారు వచ్చారు. పంచాంగం చూసి, ఇంకొద్ది రోజుల్లో మూఢం మొదలవుతుందని, అది వస్తే మూడు నెలలు గృహప్రవేశం కుదరదని, ఉన్న మంచి ముహూర్తం స్లాబు పోసిన పదిహేనో రోజునేనని తేల్చారు. వానాకాలం మళ్ళీ తాటాకు కిందా అని అమ్మ ఏడుపు మొహం పెట్టింది. ముహూర్తం ఖాయమైంది.

"లోపలి గదుల గుంజలు తీస్త పటేలా, ఆడ స్లాబు గోడల మీద ఉన్నది కాబట్టి పర్వాలేదు. సజ్జవి మాత్రం ఇరవై ఒక్కటి నిండాలె" అన్నాడు మేస్త్రి.

"సింహద్వారం ముందు ఇన్ని గుంజలు పెట్టుకుని గృహప్రవేశమా? ఆవు ఎట్లా వస్తుంది లోపలికి? ఎవరైనా చూస్తే నవ్వుతారు" అంది నాయనమ్మ.

"రైసుమిల్లు ఆయన్ను కూడా పిలిచాను. ఆయన చూడాల్సింది సజ్జనా, నీ గుంజలనా?" అన్నాడు నాన్న.

ఆ మాటకు మేస్త్రి మెత్తబడ్డాడు. పైకెక్కి సజ్జను సుత్తితో కొట్టి చూసి, "మంచిగనే గట్టిపడ్డది. కడ్డీ నేను కట్టిందే. నిలబడ్తది" అన్నాడు. ఆయన నమ్మింది తాను కట్టిన కడ్డీని.

పద్నాలుగో రోజు పొద్దున. నాయనమ్మ మంచం జరిపించారు. నాన్న, అమ్మ, మేస్త్రి భార్య వాకిట్లో నిలబడ్డారు. మేస్త్రి సజ్జ కిందికి వెళ్ళి, ముందు వరసలో ఎడమ చివర గుంజ దగ్గర కూర్చున్నాడు. దాని కింద బిగించిన చెక్కను కొట్టడానికి సుత్తి ఎత్తాడు. ఆయన తల సరిగ్గా ఆ మూల కింద ఉంది. వాకిటి అవతలి నుంచి కూతురు నన్నే చూస్తోంది. దాని కళ్ళలో నీళ్ళు.

నేను ఇసుక కుప్ప వెనక్కి పరుగెత్తాను. బొమ్మరింటిని కాలితో తన్ని, బిళ్ళలు పావడాలో ఏరుకుని వచ్చి, మేస్త్రి ముందు కుమ్మరించాను.

"కొట్టొద్దు! కొట్టొద్దు మేస్త్రీ!"

ఆయన సుత్తి దించాడు. బిళ్ళలు చూశాడు. ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ఏడియి బిడ్డా ఇవి?"

నేను తల మీది మూల చూపించాను. ఆయన పైకి చూసి, గుంజ కిందనుంచి మోకాళ్ళ మీద పాక్కుంటూ బయటికి వచ్చాడు. ఉలి తీసుకుని నిచ్చెన ఎక్కాడు. నాన్న వెనకే ఎక్కాడు. నేనూ ఎక్కాను, ఎవరూ ఆపలేదు.

ముందు కుడి మూల చెక్కాడు. వేలెడు లోతుకే ఉలికి ఇనుము తగిలి ఖంగుమంది. తర్వాత ఎడమ మూలకు వచ్చాడు. ఒక వేలు లోతు, ఏమీ లేదు. రెండు వేళ్ళు, కంకర రాయి. నాన్న ఊపిరి నాకు వినిపిస్తోంది. మూడు వేళ్ళు దాటాక, దాదాపు కింది చెక్క దగ్గర, ఖంగుమంది.

మేస్త్రి ఉలి పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాడు. నాన్న నా జడ పట్టుకుని చెయ్యెత్తాడు. ఆ చెయ్యిని మేస్త్రి పట్టుకున్నాడు. నాన్న చెయ్యిని అట్లా ఎవరైనా పట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

"పిల్లను గొట్టకు పటేలా. అది చెప్పింది, లేకుంటే ఈ పాటికి నేను దాని కింద ఉందును. పోసేముందు ఒక్కొక్క కడ్డీ కింద చెయ్యి పెట్టి చూడాల్సినోన్ని నేను. మొగులు జూసి ఉరికిన. తప్పు నాది."

నాన్న చెయ్యి దిగింది. ఆయన మొహంలో కోపం పోయి, అక్కడ ఇంకేదో వచ్చింది. అది ఊరట అని ఇప్పుడు నాకు తెలుస్తుంది.

గృహప్రవేశం గుంజలతోనే జరిగింది. మధ్యలో రెండు గుంజలు కాస్త ఎడంగా జరిపి దారి చేశారు. ఆవును, దూడను తీసుకొచ్చారు. ఆవుకేం తెలుసు, సగం దూరం వచ్చి ఎడమ గుంజకు ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టింది. గుంజ కిర్రుమంది. పంతులుగారి మంత్రం ఆగిపోయింది. మేస్త్రి ఎక్కడి నుంచి వచ్చాడో, ఒక్క ఉరుకున వచ్చి గుంజకు భుజం ఆనించి నిలబడ్డాడు. కూతురు ఆవు ముఖం ముందు పచ్చగడ్డి పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ దాన్ని లోపలికి తీసుకుపోయింది. పాలు పొంగేదాకా ఆయన ఆ భుజం తియ్యలేదు.

భోజనాల దగ్గర రైసుమిల్లు ఆయన సజ్జ వైపు చూసి, "ఏంది, ఈ కట్టెలన్నీ? స్తంభాలు లేని సజ్జ అంటివి?" అని నాన్నను అడిగాడు.

నేను పక్కనే విస్తరి ముందు కూర్చుని ఉన్నాను. నోట్లో పరమాన్నం ఉంది. నాన్న నా వైపు చూడలేదు. "మేస్త్రి పొరపాటు చేశాడండీ. కడ్డీ కిందికి దిగింది" అన్నాడు, గొంతు తగ్గించి. మేస్త్రి అక్కడే, గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. విన్నాడు. "అవ్, నాదే తప్పు" అన్నాడు. నేను పరమాన్నం మింగాను. ఆ ముద్ద తియ్యదనం ఈ రోజుకీ నాకు గిట్టదు.

మూఢంలో స్తంభం నిలపకూడదని నాయనమ్మ పట్టుబట్టడంతో వానాకాలం సగం దాకా ఆ గుంజలు అట్లాగే ఉన్నాయి. వానకు నేల మెత్తబడి గుంజలు వదులయ్యేవి. వారం వారం మేస్త్రి తండా నుంచి బురదలో నడిచొచ్చి, ఒక్కొక్క దాని కింద చెక్క బిగించి వెళ్ళేవాడు. పిలవకుండానే వచ్చేవాడు. శ్రావణంలో ఎడమ మూలన ఒకే ఒక్క స్తంభం కట్టాడు. "కడ్డీ కిందికి దిగిన సజ్జకు, కిందికెల్లి మోసే స్తంభం ఉంటే చాలు. ఇగ పడదు" అని నాతోనే చెప్పాడు, నేను ఏదో పెద్దదాన్నైనట్టు. కుడివైపు ఏమీ లేదు. ఊళ్ళో అందరూ మా ఇంటిని ఒంటిస్తంభం మేడ అని ఏడిపించేవాళ్ళు. "మేస్త్రి పని తెలియనోడు, ఇంకేం చేస్తడు" అని నాన్న ముందే నవ్వేవాళ్ళు. నాన్న కూడా నవ్వేవాడు.

రైసుమిల్లు ఆయన మేడ పని ఖమ్మం నుంచి వచ్చిన వేరే మేస్త్రికి ఇచ్చాడు. తర్వాత మా చుట్టుపక్కల ఎవరూ ఈయన్ను స్లాబు పనికి పిలవలేదు. గోడలకు, అరుగులకు పిలిచారు కొన్నాళ్ళు. తర్వాతి ఎండాకాలానికి వాళ్ళు ముగ్గురూ కూలి పనులకు దుమ్ముగూడెం వైపు వెళ్ళిపోయారని విన్నాను. ఆ పిల్లను మళ్ళీ చూడలేదు. ఒక్క మాట, ఎవరో ఒకరి ముందు, "తీసింది నేను" అని ఉంటే సరిపోయేది. పదేళ్ళ పిల్ల తప్పును ఊరు నవ్వి వదిలేసేది. మేస్త్రి తప్పును వదల్లేదు. ఇది నాకు పదేళ్ళప్పుడు తెలియదంటే నమ్మొచ్చు. ఇరవై ఏళ్ళప్పుడు, నలభై ఏళ్ళప్పుడు తెలుసు. అప్పుడూ చెప్పలేదు.

మొన్న తమ్ముడి ఇంటి మీద, చీర చెంగు దోపుకుని సజ్జ వైపు కూర్చుని, ఒక్కొక్క కడ్డీ కిందా చెయ్యి పెట్టి చూడ్డం మొదలుపెట్టాను. అక్కడి కుర్ర మేస్త్రి నవ్వాడు. "మేం చూసుకుంటం గదమ్మా, మీకెందుకు?" అన్నాడు. అప్పుడు చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, అగ్గిపెట్టెలు ఇచ్చిన దగ్గర నుంచి పరమాన్నం మింగిన దగ్గర దాకా. తమ్ముడు నోరు తెరుచుకుని విన్నాడు. వాడు పుట్టి పెరిగింది ఆ స్తంభం చుట్టూ తిరుగుతూనే.

కుర్ర మేస్త్రి నవ్వు ఆపి, నా పక్కన కూర్చున్నాడు. "మా పెద్దనాయన గూడ అప్పట్ల ఆ దిక్కే పని చేసిండమ్మా. అడిగితే ఎరికుంటది. ఆ మేస్త్రి పేరేంది?" అన్నాడు.

చెప్పబోయి ఆగిపోయాను. ఆ ఎండాకాలమంతా మా వాకిట్లో పనిచేసిన మనిషి. నాన్న చెయ్యి పట్టుకుని నాకు దెబ్బ తప్పించిన మనిషి. మేస్త్రీ అని తప్ప మా ఇంట్లో ఆయన్ను ఎవరూ ఇంకోలా పిలవలేదు. ఏమని పిలవాలని అడిగిన వాళ్ళూ లేరు.

"తెలియదు బాబూ" అన్నాను. తప్పు నాదని చెప్పడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ తప్పు మోసిన మనిషి పేరేమిటో మాత్రం నాకు తెలియదు.